యూనివర్సిటీ భూములు, పట్టణ ప్రణాళిక నియమాలు: వరంగల్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో బిల్డింగ్ ప్లాన్ ఫైళ్లు తయారు చేయడం నా పని. కాలేజీ సెక్రటరీలు, వర్సిటీ ఇంజినీరింగ్ సెక్షన్ వాళ్లు, క్యాంపస్ పక్క కాలనీల్లో ఇల్లు కట్టుకున్నవాళ్లు, విద్యార్థి సంఘాల పిల్లలు నన్ను తిప్పి తిప్పి ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. 1959లో రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ (ఇప్పటి ఎన్‌ఐటీ) వచ్చినప్పుడు, 1976లో కాకతీయ యూనివర్సిటీ ఏర్పడినప్పుడు ఆ జాగాలు ఊరి చివర ఉండేవి. ఇప్పుడు ఊరు వాటిని దాటిపోయింది. ఊరికి వర్తించే ప్రతి నియమం ఇప్పుడు క్యాంపస్ గేటు లోపలికీ వస్తుంది. చాలామందికి ఇదే మింగుడుపడదు.

భూమి యూనివర్సిటీ పేరు మీదే ఉంది. అందులో ఏం కట్టుకుంటే ఎవరికేంటి?

భూమి ఎవరిది అన్నది ఒక ప్రశ్న. ఆ భూమిని దేనికి వాడొచ్చు అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు రెవెన్యూ రికార్డుల్లో ఉంటుంది: సేత్వార్ (మొదటి సర్వే నాటి భూమి రిజిస్టర్), పహాణీ, టిప్పన్ (సర్వే కొలతల పటం), అప్పగింత పంచనామా. రెండోదానికి జవాబు మాస్టర్ ప్లాన్ మ్యాపులో ఉంటుంది. పట్టా చేతిలో ఉన్న రైతు కూడా తన పొలంలో ఫ్యాక్టరీ కట్టలేడు కదా, ఇదీ అంతే. నా దగ్గరికొచ్చే పది ఫైళ్లలో సగానికి పైగా ఈ రెండింటినీ కలిపేయడం వల్లే ఆగిపోయినవి.

మాకు కుడానా, బల్దియానా? ఎవరి దగ్గరికి పోవాలి?

ప్లాన్ కుడాది. కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ పరిధి 181 గ్రామాలు, దాదాపు 1,805 చదరపు కిలోమీటర్లు. ఏ సర్వే నంబరు ఏ జోన్‌లో (నివాసం, వ్యవసాయం లాంటి వాడకం విభాగంలో) పడిందో చెప్పే ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ అక్కడే తీసుకోవాలి. బిల్డింగ్ పర్మిషన్ మాత్రం నగరం లోపలైతే గ్రేటర్ వరంగల్ మున్సిపల్ కార్పొరేషన్ (బల్దియా) ఇస్తుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టాలి. దానికి 2020 చట్టంతో టీఎస్ బీపాస్ అనే పోర్టల్ వచ్చింది, 2025 నుంచి బిల్డ్‌నౌ వచ్చింది.

కాలేజీ భవనం ఎలాగూ 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలోనే ఉంటుంది కాబట్టి, చిన్న ఇళ్లకిచ్చే తక్షణ అనుమతి దీనికి రాదు. సింగిల్ విండోలో పోవాలి, గడువు 21 రోజులు. గడువు దాటితే అనుమతి వచ్చినట్టే అని చట్టంలో ఉంది. ఆ మాట పట్టుకుని జోన్ చూడకుండా పిల్లర్లు లేపకండి. జోన్‌కు విరుద్ధమైన కట్టడాన్ని గడువు దాటడం కాపాడదు.

మాస్టర్ ప్లాన్ అంటే 1970ల నాటిదేనా ఇంకా?

చాలా ఏళ్లు అదే నడిచింది. ఊరు ఎంత పెరిగినా అప్పటి మ్యాపు మీదే ఫైళ్లు కదిలేవి, ప్రతి ఒక్కరూ అవస్థపడ్డారు. 2041 సంవత్సరం దాకా లెక్క వేసిన కొత్త మాస్టర్ ప్లాన్‌కు 2024 నవంబరులో ప్రభుత్వ ఆమోదం వచ్చింది. మీ దగ్గర అంతకు ముందు తీసుకున్న ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ ఉంటే పక్కన పెట్టి కొత్తది తీసుకోండి. పాత ప్లాన్‌లో వ్యవసాయంగా ఉన్న సర్వే నంబరు ఇప్పుడు నివాసం అయి ఉండొచ్చు, ఖాళీగా కనిపించిన చోట కొత్త రోడ్డు గీత పడి ఉండొచ్చు.

మ్యాపు చూసేటప్పుడు రంగు ఒక్కటే చూసి వదిలేయకండి. విద్యాసంస్థలు సాధారణంగా పబ్లిక్, సెమీ పబ్లిక్ జోన్‌లో ఉంటాయి. పెద్ద క్యాంపస్ అంతా ఒకే రంగులో ఉంటుందన్న నమ్మకం లేదు. ఒక మూల చెరువు నీలం, ఒక అంచున ప్రతిపాదిత రోడ్డు, మధ్యలో పార్కు ఆకుపచ్చ ఉండొచ్చు. సర్వే నంబరులోని ప్రతి ముక్కా ఏ రంగులో ఉందో విడివిడిగా రాయించుకోండి.

మాది ప్రభుత్వ యూనివర్సిటీ. మాకు పర్మిషన్ అక్కర్లేదని మా పెద్దసారు అంటున్నారు.

గౌరవంగానే చెప్తున్నాను, సారు పొరపడ్డారు. పట్టణాభివృద్ధి సంస్థలు నడిచేది 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం మీద. అభివృద్ధి ప్రాంతంగా ప్రకటించాక అనుమతి తీసుకోవాల్సినవాళ్లలో ప్రభుత్వ శాఖలూ ఉన్నాయి. ఆ చట్టంలో ‘అభివృద్ధి’ అంటే కట్టడం ఒక్కటే కాదు. భూమిలో గానీ, నీళ్లలో గానీ చేసే ఇంజినీరింగ్ పనులు, వాడకంలో పెద్ద మార్పు కూడా అందులోకే వస్తాయి. పైగా యూనివర్సిటీ అనేది చట్టం ద్వారా ఏర్పడిన విడి సంస్థ. దాని భూమి కలెక్టరాఫీసు భూమి లాంటిది కాదు.

నిజానికి జరుగుతున్నదేంటంటే, గ్రాంటు మంజూరు కాగానే ఆర్థిక సంవత్సరం దాటిపోతుందన్న టెన్షన్‌లో టెండరు పిలిచేస్తారు. ప్లాన్ ఫైలు తర్వాత చూసుకుందామంటారు. ఐదేళ్లకు కరెంటు లోడు పెంచాలన్నా, ఫైర్ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని అగ్నిమాపక శాఖ ఇచ్చే పత్రం) కావాలన్నా అనుమతి ప్రతి అడుగుతారు. అప్పుడు పాత బీరువాలు వెతుకుతారు. అలా వెతికిన బీరువాలు నేను చాలానే చూశాను.

నాలా అయిపోయింది. ఇక కట్టుకోవచ్చు కదా?

ఈ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ నేను ‘ఏ నాలా?’ అని అడుగుతాను. మన దగ్గర ఒకే మాటకు రెండు అర్థాలు. వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చే 2006 చట్టాన్ని పొడి అక్షరాలతో నాలా అంటాం. వాన నీళ్లు పారే కాలువనూ నాలానే అంటాం.

నాలా కన్వర్షన్ రెవెన్యూ పని. ‘ఈ భూమిలో ఇక వరి వేయరు’ అని రికార్డు మార్చడం వరకే దాని పాత్ర. మాస్టర్ ప్లాన్ జోన్ దాంతో మారదు. హసన్‌పర్తి వైపు, ధర్మసాగర్ వైపు పొలాలు కొని విద్యాసంస్థ పెట్టాలనుకునే ట్రస్టులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. నాలా ప్రొసీడింగ్స్ చేతికి రాగానే పనైపోయిందనుకుంటారు. మ్యాపులో ఆ భూమి ఇంకా వ్యవసాయ జోన్‌లోనే ఉంటుంది.

మరి జోన్ మార్పించుకోవడం ఎలా?

1975 చట్టం 12వ సెక్షన్ కింద. కుడాకు దరఖాస్తు పెట్టాలి. వాళ్లు స్థలం చూసి, చుట్టుపక్కల వాడకం, రోడ్డు వెడల్పు, నీటి వనరులు పరిశీలించి నివేదిక పంపిస్తారు. మార్పు చేసే ముందు పత్రికలో నోటీసు వేసి అభ్యంతరాలు అడగాలి. పెద్ద మార్పైతే ప్రభుత్వ ఉత్తర్వు కావాలి. ఆ తర్వాత చార్జీలు కట్టాలి. నెలలు పడుతుంది. ‘వచ్చే జూన్‌లో అడ్మిషన్లు’ అని బ్రోచర్ వేసుకుని జనవరిలో నా దగ్గరికి రాకండి. నేనే కాదు, ఎవరూ సాయం చేయలేరు.

క్యాంపస్‌లో చెరువు ఉంది. కాలువ కూడా పోతుంది. ఎంత దూరం వదలాలి?

ఈ ఒక్క జవాబు నిదానంగా చదవండి.

2012 ఏప్రిల్ 7న వచ్చిన 168 నంబరు జీవో ప్రకారం, పది హెక్టార్లు లేదా అంతకు మించిన చెరువైతే పూర్తి నీటి మట్టం గీత (ఎఫ్‌టీఎల్) నుంచి 30 మీటర్లు వదలాలి. అంతకంటే చిన్న చెరువు, కుంట, శిఖం భూమి (చెరువు నీళ్లు నిలిచే నేల) అయితే 9 మీటర్లు. పది మీటర్లు దాటిన వెడల్పున్న వాగు, నాలా, కాలువకు దాని హద్దు నుంచి 9 మీటర్లు. అంతకంటే సన్నని నాలాకు 2 మీటర్లు. నది అయితే నగర పరిధిలో 50, బయట 100 మీటర్లు. ఇలా వదిలే జాగానే బఫర్ అంటాం. దాన్ని తోటలాగా వాడుకోవచ్చు, కట్టడం మాత్రం రాకూడదు.

కొలత ఎక్కడి నుంచి మొదలవుతుందన్నదే అసలు గొడవ. ఎండాకాలం చెరువులో నీళ్లెక్కడున్నాయో అక్కడి నుంచి కాదు. నిండా నిండినప్పుడు నీళ్లెక్కడి దాకా వస్తాయో ఆ గీత నుంచి.

కొన్నేళ్ల కింద ఒక ప్రైవేటు కాలేజీ హాస్టల్‌కు నేనే ప్లాన్ గీశాను. మార్చి నెల. నీళ్లు ఎక్కడో దూరంగా ఉన్నాయి. శాటిలైట్ మ్యాపులో కనిపించిన నీటి అంచు నుంచి లెక్క వేసుకుని, ముగ్గు కూడా పోయించాం. నీటిపారుదల శాఖ వాళ్లు సర్వేయర్‌తో వచ్చి తుమ్మ చెట్ల మధ్య ఎఫ్‌టీఎల్ రాయి వెతికారు. కొడవలితో కొమ్మలు కొట్టాక బయటపడింది, మోకాలెత్తు రాయి, పైన సున్నం సగం రాలిపోయింది. అక్కడి నుంచి టేపు పట్టుకుని నడిస్తే 30 మీటర్ల గుర్తు మేము పోసిన ముగ్గు దాటి మూడో వరుస పిల్లర్ల దగ్గర ఆగింది. భవనంలో మూడో వంతు బఫర్‌లోనే ఉంది. తప్పు నాది. మళ్లీ గీశాను, ఫీజు తీసుకోలేదు. అప్పటి నుంచి రాయి కళ్లతో చూడనిదే పెన్సిల్ పట్టను.

2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో నయీంనగర్ నాలా పొంగి హన్మకొండ కాలనీల్లోకి నీళ్లు ఎలా వచ్చాయో మనందరం చూశాం. ఎగువన ఎక్కడో పెద్ద ఖాళీ జాగాలో మట్టి పోసి ఎత్తు చేస్తే, ఆ నీళ్లు దిగువనున్న ఇంకొకరి ఇంట్లో తేలతాయి. మన ఊళ్లో మిగిలిన పెద్ద ఖాళీ జాగాలు చాలావరకు క్యాంపస్‌లే. వాన నీళ్లను ఆపి ఇంకించుకోగలిగిన నేల అదే. నియమం 9 మీటర్లంటే 9 మీటర్ల దగ్గరే ఆగకుండా వీలైనంత ఎక్కువ వదలమని నేను ప్రతి మేనేజ్‌మెంట్‌నూ బతిమాలుతాను.

హాస్టల్, క్వార్టర్స్, క్యాంటీన్, బ్యాంకు కట్టడానికి విడిగా జోన్ మార్పు కావాలా?

చదువుకు అనుబంధమైనవైతే అక్కర్లేదు. బిల్డింగ్ పర్మిషన్ మాత్రం దేనికదే తీసుకోవాలి.

రోడ్డు వైపు షాపులు కట్టి కిరాయికి ఇస్తే వర్సిటీకి ఆదాయం వస్తుంది కదా?

జీతాలకు, పెన్షన్లకు వర్సిటీలు ఎంత తంటాలు పడుతున్నాయో తెలుసు కాబట్టి ఈ ఆలోచన ఎందుకొస్తుందో అర్థమవుతుంది. కానీ విద్యార్థుల కోసం లోపల పెట్టే స్టేషనరీ కొట్టు వేరు, మెయిన్ రోడ్డుకు ముఖం పెట్టి ఊరందరికీ తెరిచే షాపింగ్ కాంప్లెక్స్ వేరు. రెండోది వాణిజ్య వాడకం. దానికి జోన్ మార్పు కావాలి, పార్కింగ్ లెక్క మారుతుంది. యూనివర్సిటీల చట్టం (1991) ప్రకారం పాలకమండలి తీర్మానం, భూమిని బయటివాళ్లకు అప్పగించేటప్పుడు ప్రభుత్వ అనుమతి కూడా చూసుకోవాలి. నా అభిప్రాయం అడిగితే, ఒకసారి షట్టర్ల వరుస లేచిందంటే దాని వెనకాల భూమిని మళ్లీ చదువు కోసం వాడుకోవడం చాలా కష్టం.

ఎన్ని అంతస్తులు లేపొచ్చు?

భూమి ఎంతుంది అన్నదాని కంటే ముందు, దాని ముందున్న రోడ్డు వెడల్పు ఎంత అని చూస్తారు. వంద ఎకరాలున్నా సన్న రోడ్డు మీదుంటే ఎత్తు రాదు. ఆ తర్వాత సెట్‌బ్యాక్‌లు (భవనం చుట్టూ వదిలే ఖాళీ), పార్కింగ్, ఇంకుడు గుంతలు చూస్తారు. ఫైర్ విషయంలో కాలేజీలను జనం గుమిగూడే భవనాలుగా చూస్తారు. 500 చదరపు మీటర్లకు మించిన స్థలమైనా, 6 మీటర్లకు మించిన ఎత్తైనా ఎన్‌ఓసీ తప్పదు. అంటే రెండంతస్తుల క్లాస్‌రూం బ్లాకుకు కూడా కావాలి. ‘మాది చిన్న బిల్డింగే’ అనే మాట ఇక్కడ పనికిరాదు. కాజీపేట వైపు రైల్వే హద్దు పక్కనున్న స్థలమైతే 30 మీటర్లు వదలాలి, లేదా రైల్వే ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి.

కోట దగ్గర, వేయిస్తంభాల గుడి దగ్గర మా కాలేజీ ఉంది. పాత బ్లాకు కూల్చి కట్టుకోవచ్చా?

కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 2010 సవరణ నుంచి ఇది గట్టిగా అమలవుతోంది. కొలత గుడి గోపురం నుంచి కాదు, రక్షిత హద్దు నుంచి. నియంత్రిత ప్రాంతంలో జాతీయ స్మారకాల ప్రాధికార సంస్థ అనుమతి వచ్చాకే బల్దియా ఫైలు ముట్టుకుంటుంది. నిషిద్ధ ప్రాంతంలో కొత్త నిర్మాణం జరగదు. మరమ్మతులకు అనుమతి అడగొచ్చు.

మామునూరు ఎయిర్‌పోర్టు వస్తే మాకేమైనా ఇబ్బందా?

2025 ఫిబ్రవరిలో కేంద్రం పచ్చజెండా ఊపింది. ఆ వైపు ఎత్తైన భవనం, వాటర్ ట్యాంకు, సెల్ టవరు కట్టాలంటే విమానాశ్రయాల ప్రాధికార సంస్థ ఎత్తు అనుమతి చూసుకోండి. మామునూరులోనే వెటర్నరీ కాలేజీ ఉంది, చుట్టూ ప్రైవేటు కాలేజీలూ పెరుగుతున్నాయి. ఇప్పుడే డిజైన్ దశలో ఉన్నవాళ్లు ఇది మరిచిపోవద్దు.

చెట్లు కొట్టడానికి, పెద్ద భవనాలకు పర్యావరణ అనుమతి కావాలా?

చెట్లకు నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా, 2002) కింద అనుమతి కావాలి. సొంత ప్రహరీ లోపలి చెట్టయినా సరే.

పర్యావరణ అనుమతి కథ కొంచెం మలుపులు తిరిగింది. 2006 నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆపైన నిర్మాణ విస్తీర్ణం ఉంటే ముందస్తు అనుమతి తప్పనిసరి. విద్యాసంస్థలకు 2014లో ఒకసారి, 2025 జనవరిలో ఇంకోసారి కేంద్రం మినహాయింపు ఇచ్చింది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టేసింది. కాబట్టి పాత సర్క్యులర్ చూపించి ‘మాకు వర్తించదు’ అని ఎవరైనా అంటే తేదీ చూడండి. బ్లాకులు విడివిడిగా చూపించి ఒక్కోటి 20,000 లోపే అని రాయడం కూడా చేయకండి. ప్రాజెక్టు మొత్తాన్నే లెక్కిస్తారు.

మాస్టర్ ప్లాన్ రోడ్డు మా ప్రహరీ లోంచి పోతోంది.

అభ్యంతరాల గడువులో చెప్పి ఉంటే బాగుండేది. ఇప్పుడు 12వ సెక్షన్ కింద సవరణ అడగడం ఒక దారి. లేదంటే ఆ మేరకు భూమి వదిలి, దానికి బదులు టీడీఆర్ (వేరే చోట వాడుకోగల, అమ్ముకోగల నిర్మాణ హక్కు) తీసుకోవచ్చు. కొత్త భవనాన్ని మాత్రం ఆ గీత మీద కట్టకండి.

ఏటూరునాగారం, తాడ్వాయి వైపు కాలేజీ పెట్టాలనుకుంటున్నాం.

అది ఏజెన్సీ, అంటే గిరిజనులకు ప్రత్యేక రక్షణ ఉన్న ప్రాంతం. అక్కడ జోన్ కంటే ముందు 1/70 చట్టం చూడాలి. గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు, ట్రస్టు పేరో సొసైటీ పేరో పెట్టినా అంతే. ప్రభుత్వం సేకరించి ఇవ్వాలన్నా 1996 పెసా చట్టం కింద గ్రామసభను సంప్రదించాలి. ములుగు జిల్లాకు 2023 చివర్లో పార్లమెంటు చట్టంతో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చాక అక్కడ స్థలాల బేరాలు పెరిగాయి. ‘పేరు మీది, డబ్బు మాది’ అనే ఒప్పందాలు కాగితం విలువ కూడా చేయవు. ఆదివాసీ కుటుంబాల భూమి కదిలిపోయే పని దయచేసి చదువు పేరుతో చేయకండి.

కరీంనగర్, నిజామాబాద్ వైపు అడిగేవాళ్లకు: అక్కడ కుడా లాగే సుడా, నుడా అనే పట్టణాభివృద్ధి సంస్థలు ఉన్నాయి. జోన్, అనుమతుల పద్ధతి పైన కుడాకు చెప్పిందే.

యూనివర్సిటీ భూమిని ప్రభుత్వం వేరే పనికి తీసుకోవచ్చా?

తీసుకున్న సందర్భాలున్నాయి. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ యూనివర్సిటీ నుంచి 100 ఎకరాలు కొత్త హైకోర్టుకు కేటాయించారు. 2024 జనవరిలో విద్యార్థులు ధర్నాలు చేశారు, అయినా మార్చిలో శంకుస్థాపన జరిగింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల సంగతి ఇంకో రకం. అక్కడ అసలు హక్కు ఎవరిదన్నదే వివాదం. దశాబ్దాల పాటు క్యాంపస్‌లో భాగంలాగే వాడుకున్నా హక్కు కాగితం ప్రభుత్వం వైపు ఉంది. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తాను కలగజేసుకుని చెట్ల నరికివేత ఆపింది. అక్కడ పని ఆగింది చెట్ల వల్ల, హక్కు వల్ల కాదు.

మన వర్సిటీలు దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. అప్పగింత కాగితం, మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు), హద్దు రాళ్లు, పూర్తి సర్వే మ్యాపు ఇప్పుడే సరిచేసుకోవాలి. ప్రహరీ లేని మూలలో ఈ ఏడాది గుడిసె, వచ్చే ఏడాది ఇంటి నంబరు, ఆ తర్వాత కోర్టు కేసు.

మేము క్యాంపస్ పక్క కాలనీ వాళ్లం. లోపల మట్టి పోస్తున్నారు. ఎవరిని అడగాలి?

మొదట రిజిస్ట్రార్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. బల్దియా టౌన్ ప్లానింగ్ సెక్షన్‌కు ఒక ప్రతి, చెరువు లేదా నాలా ఉంటే నీటిపారుదల శాఖకు ఇంకొకటి. తేదీ కనిపించేలా ఫొటోలు తీసుకోండి.

తర్వాత పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. ‘వివరాలు ఇవ్వగలరు’ అని రాస్తే ఏమీ రాదు. ఇలా అడగండి: ఫలానా సర్వే నంబరుకు ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ ప్రతి, బిల్డింగ్ అనుమతి ఉత్తర్వు ప్రతి, ఆమోదించిన ప్లాన్ ప్రతి, నీటిపారుదల శాఖ ఎన్‌ఓసీతో పాటు ఎఫ్‌టీఎల్ మ్యాపు, ఫైర్ ఎన్‌ఓసీ. నాలుగోది రాకపోతే చెరువు గట్టు మీదికి మీరే నడిచి వెళ్లి రాయి ఎక్కడుందో చూడండి. మీ వెంట 30 మీటర్ల టేపు, కొమ్మలు తప్పించడానికి ఒక కొడవలి ఉంటే చాలు.